తెలుగింటి కూరలు

కాయలు, దుంపలు, ఆకులతో అన్నంలోకి రోజూ వండుకునే వంటకాలను తెలుగువారు కూరలంటారు. పండగల్లో, పెళ్లిళ్లలో బూరెలూ పులిహోరా ముందుకొస్తాయి గానీ మామూలు రోజున ఇంటిల్లిపాదికీ కడుపు నింపేది కూరే. పట్నాల్లో మధ్యాహ్నం ఎవరి క్యారేజీ వాళ్లు పట్టుకుపోతారు కాబట్టి, నలుగురూ ఒకచోట కూర్చుని తినే పూట ఇప్పుడు చాలా ఇళ్లలో రాత్రి ఒక్కటే. ఆ పూటకి వేడన్నం, పప్పు, ఓ కూర, చారో పులుసో, కాస్త పచ్చడి, చివర పెరుగు ఉంటే విస్తరి నిండినట్టే. అన్నీ కుదరని రోజున కూర, చారు చాలు.

ఈ కూరలకు కావలసిన దినుసులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఉప్పు, పసుపు, కారం, చింతపండు, పోపులపెట్టెలోని నాలుగైదు రకాల గింజలు, ఇంగువ, కరివేపాకు. గరం మసాలా, అల్లం వెల్లుల్లి ముద్ద అక్కర్లేని కూరలే ఎక్కువ. ఇంత కొద్ది సామానుతో అన్ని రుచులు రావడానికి కారణం వరస. ఏది ముందు వెయ్యాలి, ఏది పొయ్యి ఆర్పాక వెయ్యాలి అన్నదే ఈ వంటకు ప్రాణం. కొలత కాస్త అటూ ఇటూ అయినా కూర తినొచ్చు, వరస తప్పితే మాత్రం అదే సామాను, అదే కాయ అయినా రుచి రాదు.

పాత విస్తరి

1509 నుంచి 1529 దాకా ఏలిన శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు తన ఇంటికి వచ్చిన అతిథులకు ఏ కాలంలో ఏం వడ్డించాడో వర్ణించాడు. వానాకాలంలో పప్పు, వేడివేడి కూరలు, వరుగులు, వడియాలు. ఎండాకాలంలో తియ్యని చారు, మజ్జిగ పులుసు. చలికాలంలో మిరియాల పొడి తగిలిన కూరలు, ఆవ ఘాటెక్కిన పచ్చళ్లు. అయిదు వందల ఏళ్ల కిందటి ఈ వరసను ఇవాళ్టి తెలుగిల్లు చూసినా ఏదీ పరాయిదిగా అనిపించదు. ఒక్క లోటు మాత్రం కనిపిస్తుంది, మిరపకాయ లేదు. అమెరికా ఖండంలో పుట్టిన మిరప 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల ఓడల్లో మన పడమటి తీరానికి చేరి, అక్కణ్ణుంచి మెల్లగా లోపలి సీమలకు పాకింది. అంతకు ముందు మన కూరలకు కారం మిరియాల నుంచి, ఘాటు ఆవాల నుంచి, అల్లం నుంచి వచ్చేది.

మిరప ఒక్కటే కాదు. టమాటా, బంగాళాదుంప, వేరుశెనగ, ఆఖరికి తీపి గుమ్మడి కూడా ఆ ఖండం నుంచి వచ్చినవే. సంక్రాంతికి గుమ్మడికాయ పులుసు లేని ఇల్లు ఊహించలేం. గుంటూరు సన్న మిరపకు భౌగోళిక గుర్తింపు ఉంది. అనంతపురం అంటే వేరుశెనగ చేలే గుర్తొస్తాయి. వచ్చిన చుట్టాలు ఇంటివాళ్లయిపోయారు. పాత వంట ఎలా ఉండేదో చూడాలంటే సంప్రదాయం గట్టిగా పాటించే కుటుంబాల్లో తద్దినం వంట చూడాలి. అక్కడ మిరపకాయకు బదులు మిరియాలు వాడే ఇళ్లున్నాయి. టమాటా, బంగాళాదుంప, క్యాబేజీ, క్యారెట్ ఆ రోజు వంటింట్లోకి రావు. అరటికాయ, కంద, చేమ, కాకర, పెసరపప్పు, అల్లం, నువ్వులు ఉంటాయి. పితృదేవతల పేరు మీద మనవాళ్లు పాతకాలపు కూరలను తెలిసో తెలియకో కాపాడుకుంటూ వచ్చారు.

తెలుగువారి తిండి మీద పనిచేయాలనుకునే వారికి సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రచురించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తప్పనిసరి. కావ్యాల్లో చెల్లాచెదురుగా ఉన్న భోజనాల వివరాలను ఏరి ఆయన ఒకచోట పెట్టారు. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగులో మొట్టమొదటి బహుమతిని 1955లో ఆ పుస్తకానికే ఇచ్చింది. అమ్మ పక్కన నిలబడి నేర్చుకునే వీలు లేని తరానికి కూరలను అచ్చులో అందించిన పేరు మాత్రం మాలతీ చందూర్‌ది. ఆమె ‘వంటలు – పిండివంటలు’ ఎందరో కొత్త కోడళ్ల, ఎందరో బ్రహ్మచారుల వంటిళ్లలో చమురు మరకలతో నలిగింది.

నీరున్న కాయలు

బీర, సొర, పొట్ల, దోస, బూడిద గుమ్మడి. వీటి బరువులో నూటికి 90 పాళ్లకు పైగా నీరే. అందుకని వీటికి విడిగా నీళ్లు పొయ్యనక్కర్లేదు. పోపు వేగాక ముక్కలు వేసి, పసుపు, ఉప్పు చల్లి, మూతపెట్టి సన్నసెగ మీద వదిలేస్తే ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. ఆ ఊటలోనే ముక్క మగ్గుతుంది. మెత్తబడ్డాక మూత తీసి ఊట ఇగరనివ్వాలి. బీరకాయ కూరలో ఉన్న పనంతా ఇంతే. నలుగురికి కిలో కాయలు పడతాయి, ఎందుకంటే మూకుడు నిండా పోసిన ముక్కలు దించేసరికి సగానికి పైగా తగ్గిపోతాయి. కొత్తగా వండేవాళ్లు నిండు మూకుడు చూసి ఉప్పు వేస్తే కూర ఉప్పు కషాయమవుతుంది. మొదట తక్కువ వేసి, దించే ముందు సరిచూసుకోవాలి.

ఈ జాతి కూరల్లో అన్నిటికన్నా సాత్వికమైనది పాలు పోసిన కూర. బీర, సొర, పొట్ల మూడిటికీ కుదురుతుంది. పచ్చిమిర్చి, జీలకర్ర పోపుతో ముక్కలు మగ్గించి, ఊట ఇగిరాక చిన్న గ్లాసుడు కాచిన పాలు పోసి, సెగ బాగా తగ్గించి రెండు మూడు నిమిషాలు ఉంచి దించాలి. చింతపండు గానీ టమాటా గానీ తగిలితే పాలు విరుగుతాయి కాబట్టి ఈ కూరలో పులుపు ఉండదు. జ్వరం తగ్గి నోటికి ఏదీ సహించని మనిషికి పెద్దవాళ్లు పథ్యంగా పెట్టేది బీరకాయ. పిల్లలు, పళ్లు సరిగా లేని ముసలివాళ్లు, పనిచేసి అలిసిపోయి వచ్చినవాళ్లు అందరూ ఒకే గిన్నెలోది తినగల కూర ఇంతకన్నా మరొకటి కనపడదు.

ఒక జాగ్రత్త. బీర, సొర, దోస కోసేటప్పుడు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడాలి. ఈ కాయల్లో అప్పుడప్పుడు కుకుర్బిటసిన్లనే చేదు పదార్థాలు ఎక్కువగా పేరుకుంటాయి. చేదు సొరకాయ రసం తాగి మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. వండినంత మాత్రాన ఆ విషం పోతుందని అనుకోకూడదు. చేదు తగిలితే నాలిక మీద ముక్క ఉమ్మేసి, కాయ పారెయ్యడమే.

బీరకాయ పొట్టు మాత్రం పారేసేది కాదు. నూనెలో వేయించి, ఎండుమిర్చి, చింతపండు, మినప్పప్పుతో రోట్లో నూరితే పచ్చడి. ఒక కాయతో కూరా, పచ్చడీ రెండూ అయిపోవడం మధ్యతరగతి ఇంటికి పెద్ద ఆదా.

వేపుళ్లు

నీరున్న కాయలకు ఉప్పు ముందు వేస్తే మేలు చేస్తుంది. వేపుడులో అదే ఉప్పు ముందు వేస్తే చెరుపు. బెండ, దొండ, అరటి, చేమ, బంగాళాదుంప వేపుళ్లు కరకరలాడాలంటే ముక్కలోని తడి ఆవిరైపోవాలి. ఉప్పు ముందే చల్లితే నీరు ఊరి ముక్కలు ఉడికిపోతాయి గానీ వేగవు. అందుకని మూత పెట్టకుండా, వెడల్పు మూకుట్లో ముక్కలు ఒకదాని మీద ఒకటి గుట్టపడకుండా వేయించి, రంగు తిరిగాక ఉప్పు వెయ్యాలి. కారం ఆ తర్వాత. మిరప్పొడి వేడి నూనెలో నిమిషం ఎక్కువ ఉన్నా మాడి ఇల్లంతా కోరు వస్తుంది. చివర్లో వేసి రెండుసార్లు తిప్పి దించెయ్యడమే పద్ధతి. దొండకాయ అన్నిటికన్నా మొండి. దానికి మాత్రం మొదట అయిదు నిమిషాలు మూతపెట్టి మగ్గనిచ్చి, ఆనక మూత తీసి వేయించాలి.

బెండకాయ జిగురు చాలామందిని భయపెడుతుంది. ఆ జిగురు నీళ్లలో కరిగే జాతి పిండిపదార్థం. తడి తగిలితే సాగుతుంది, తడి ఆరితే అణుగుతుంది. కాయలు ముందే కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాక కొయ్యాలి. కోసి కడిగితే ఇక ఆ జిగురు పట్టుకోలేం. పులుపు తగిలినా జిగురు తగ్గుతుంది. బెండకాయ పులుసు జారుడుగా లేకుండా రావడం అందువల్లే.

కాకరకాయ చేదు తీయడానికి ఒక్కో ఇంట్లో ఒక్కో మార్గం. ఉప్పు, పసుపు రాసి అరగంట ఉంచి పిండేవాళ్లు కొందరు. పుల్లటి మజ్జిగలో ఉడికించేవాళ్లు కొందరు. చింతపండు పులుసు, బెల్లం వేసి ముదరగా దించేవాళ్లు కొందరు. చేదు పూర్తిగా తీసేసిన కాకరకాయ తినడం ఎందుకో నాకు అర్థం కాదు. కాస్త చేదు నిలిచి, దాని వెనక బెల్లం తీపి వచ్చే కాకరకాయ పులుసే ఆ కాయకు న్యాయం చేస్తుంది.

వేపుళ్ల రుచి సగం పొడుల్లో ఉంది. కొబ్బరి, ఎండుమిర్చి, జీలకర్ర దంచిన కొబ్బరికారం దొండకాయకు. వెల్లుల్లికారం బంగాళాదుంపకు. వేయించిన శనగపప్పు పొడి బెండకాయకు. వేరుశెనగ పొడి గోరుచిక్కుడుకు. ఈ పొడులు ఆదివారం పూట కొట్టి సీసాల్లో పోసుకుంటే వారమంతా కూర అరగంట పని.

వంకాయ

వంకాయ మన దేశపు కాయ. తెలుగునాట దీని గురించి ఉన్నంత ప్రేమ మరో కాయ మీద లేదు. గుత్తివంకాయ మీద బసవరాజు అప్పారావు (1894–1933) రాసిన గేయం ఊరూరా పాడుకున్నారు. తెల్లవి, నల్లవి, నీలం చారలవి, లేతాకుపచ్చవి, ముళ్లవి, పొడుగువి, గుండ్రటివి అని రకరకాలున్నాయి. గోదావరి, కృష్ణ లంకల్లో ఒండ్రు నేల మీద కాసే వంకాయలకు రుచి ఎక్కువని కోస్తావాళ్ల పట్టుదల. జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయ మీద కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దేశంలోని ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు జరిపినప్పుడు హైదరాబాదు అందులో ఒకటి. 2010 ఫిబ్రవరి 9న ఆయన ఆ వంకాయ సాగును నిలిపివేస్తున్నట్టు ప్రకటించారు. ఇన్ని నాటు రకాలున్న దేశంలో వాటి భద్రత గురించిన ఆందోళన ఆ చర్చలో గట్టిగా వినిపించింది. ఒక కూరగాయ గురించి దేశం అంతలా వాదించుకోవడం అరుదు.

వంకాయ లోపలి కండ స్పాంజిలా గాలితో నిండి ఉంటుంది. అందుకే పోసిన నూనెనంతా పీల్చేసుకుంటుంది. ఇంకా పొయ్యాలనిపిస్తుంది. పొయ్యకుండా ఉప్పు చల్లి మూతపెట్టి మగ్గిస్తే కండ కుంగి, పీల్చిన నూనెను మళ్లీ వదులుతుంది. కూర అంచున నూనె తేలిందంటే దించే వేళయిందని గుర్తు. కోసిన ముక్క గాలి తగిలి నల్లబడకుండా వెంటనే ఉప్పు నీళ్లలో వెయ్యాలి.

రాత్రి వంటకు వంకాయను మించిన కాయ లేదనడానికి కారణం, అది దేనితోనైనా కలుస్తుంది. అల్లం, పచ్చిమిర్చి ముద్దతో ఒక కూర. కొత్తిమీర, పచ్చిమిర్చి నూరి పెట్టిన కొత్తిమీరకారంతో ఇంకో కూర. మెంతులు, మినప్పప్పు, ధనియాలు, ఎండుమిర్చి వేయించి కొట్టిన మెంతికారంతో మరొకటి. చిక్కుడుకాయ తోడు, టమాటా తోడు, బంగాళాదుంప తోడు. నిప్పుల మీద గానీ గ్యాసు మంట మీద గానీ తొక్క నల్లగా మాడేదాకా కాల్చి, చేత్తో నలిపి, పచ్చి ఉల్లిపాయ, చింతపండు కలిపితే పచ్చడి. ఆ కాల్చిన వంకాయనే పెరుగులో కలిపి పోపు వేస్తే పెరుగు పచ్చడి.

గుత్తివంకాయకు చిన్నవి, గుండ్రటివి, లేతవి కావాలి. తొడిమ ఉంచి, కింది నుంచి నాలుగు చీలికలు చేసి, లోపల పురుగు ఉందేమో చూసుకోవాలి. కోస్తాలో శనగపప్పు, మినప్పప్పు, ధనియాలు, ఎండుమిర్చి వేయించి, ఎండుకొబ్బరి, చింతపండు, ఉప్పుతో నూరిన కారం కూరుతారు. తెలంగాణ, రాయలసీమల్లో వేరుశెనగ, నువ్వులు చేరతాయి. హైదరాబాదు బగారా బైంగన్ కూడా ఈ నువ్వులు, వేరుశెనగ, కొబ్బరి, చింతపండుల కూటమే, కాకపోతే పులుసు చిక్కగా ఎక్కువగా ఉంటుంది. మధ్యమధ్యలో కాయను నొప్పించకుండా తిరగేస్తూ సన్నసెగ మీద ఉంచడం తప్ప గుత్తివంకాయకు దగ్గరదారి లేదు.

ఆకుకూరలు, పప్పు

తోటకూర, పాలకూర, బచ్చలి, చుక్క, మెంతి, గోంగూర, పొన్నగంటి, గంగవాయిలి, మునగాకు, చింతచిగురు. వీటిలో చాలావాటికి కందిపప్పే జోడీ. నలుగురికి 150 గ్రాముల కందిపప్పు, రెండు మూడు కట్టల ఆకు సరిపోతాయి. తెలంగాణలోని తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పప్పులో కూడా వరస ఉంది. పులుపు తగిలితే పప్పు గింజ, కూరగాయ ముక్క త్వరగా మెత్తబడవు. గింజనీ ముక్కనీ బిగించి పట్టుకునే పెక్టిన్ అనే పదార్థం పుల్లటి నీటిలో గట్టిగా నిలబడిపోతుంది. కాబట్టి గోంగూర, చుక్కకూర, మామిడికాయ, చింతచిగురు లాంటి పుల్లనివి పప్పుతోపాటే నీళ్లలో వేస్తే, కుక్కరు ఎన్ని కూతలు పెట్టినా పప్పు పలుకుగానే మిగలొచ్చు. పప్పు విడిగా మెత్తగా ఉడికించి, ఆకు విడిగా మగ్గించి, అప్పుడు రెండూ కలిపి ఎనిపి పోపు వేస్తారు. తోటకూర, పాలకూర పుల్లనివి కావు, వాటిని పప్పుతోపాటు ఉడికించి, చింతపండు రసం చివర పోసుకోవచ్చు. బంగాళాదుంప పులుసులో ముక్క ఉడక్కుండా గట్టిగా మిగిలిపోవడానికీ కారణం ఇదే. చింతపండు తొందరపడి పోశారన్న మాట.

గోంగూర గురించి తెలుగువారికి చెప్పేదేముంది. 1957 నాటి ‘మాయాబజార్’ సినిమాలో కూడా దానికి చోటు దక్కింది. తెలంగాణలో పుంటికూర అంటారు. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లు పెరట్లో మొదట వేసే విత్తనాల్లో ఇదొకటి. తెల్ల గోంగూరకన్నా ఎర్ర కాడ గోంగూర పుల్లన. పచ్చడికి ఎర్రది, పప్పుకి తెల్లది బాగుంటాయి.

కందిపప్పు ఉడికించే ఓపిక లేని రాత్రి పెసరపప్పుంది. అరగంట నానబెట్టిన పెసరపప్పును పొట్లకాయ, బీరకాయ, క్యాబేజీ ముక్కలతో కలిపి మగ్గిస్తే పప్పు పలుకుపలుకుగా, ముక్క మెత్తగా వస్తుంది. చివర కాస్త కొబ్బరి కోరు. ఆ కూరకు చారు తోడుంటే ఇంకేం అక్కర్లేదు.

గోరుచిక్కుడు, బీన్సు లాంటి పీచు కాయలతో చేసే పాటోళి కూడా పప్పు కూరే. శనగపప్పు రెండు మూడు గంటలు నానబెట్టి, ఎండుమిర్చి, జీలకర్రతో బరకగా రుబ్బి, నూనెలో సన్నసెగ మీద పొడిపొడిగా వేయించి, ఉడికించి వార్చిన ముక్కలు కలపాలి. ఓపిక కావాలి, ముద్దగా ఉన్నప్పుడే దించితే పచ్చివాసన పోదు.

పులుసులు

కూర గట్టిది, పులుసు పలుచనిది. అన్నం తడవడానికి ఏదో ఒకటి ఉండాలి. ముక్కల పులుసు లేదా దప్పళంలో గుమ్మడి, సొర, చిలగడదుంప, మునక్కాయ, వంకాయ, బెండ, ఉల్లిపాయ ఏది ఉంటే అది పడుతుంది. ముక్కలు ముందు ఉప్పు నీళ్లలో ఉడికాక చింతపండు రసం, బెల్లం, కారం వేసి మరగనిచ్చి, చెంచాడు బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. ముద్దపప్పు, దప్పళం, వడియాలు కలిసిన భోజనం కోస్తా ఇళ్లలో ప్రత్యేకమైన ముచ్చట. మధ్యాహ్నం వండిన పులుసు రాత్రికి రుచి పెరుగుతుంది, ముక్కకు పులుపూ ఉప్పూ లోపలిదాకా పట్టే వ్యవధి దొరుకుతుంది కాబట్టి. రెండు పూటలా వండే వీల్లేనివారికి ఇది వరం.

పులుసును వెనకటివాళ్లు రాచ్చిప్పలో కాచేవారు. ఆ మెత్తటి రాతితో పులుపు కలవదు, దించాక కూడా చాలాసేపు వేడి నిలుస్తుంది. ఇత్తడి గిన్నెల్లో పులుసు కాచాలంటే లోపల కళాయి తప్పనిసరి. కళాయి పోయిన ఇత్తడిలో పులుపు చిలుమెక్కి ఒంటికి చేటు చేస్తుంది.

మజ్జిగ పులుసుకు మరో లెక్క. నానబెట్టిన శనగపప్పు, అల్లం, పచ్చిమిర్చి, కొబ్బరి రుబ్బిన ముద్దను చిలికిన పుల్లటి మజ్జిగలో కలిపి, ఉడికిన సొరకాయ ముక్కలతో సన్నసెగ మీద పెట్టాలి. పప్పు ముద్దలోని పిండి మజ్జిగ విరగకుండా పట్టి ఉంచుతుంది, కానీ కుతకుతా మరిగిస్తే అదీ ఆపలేదు. పొంగు వస్తుండగానే దించాలి. చేమదుంపకు మజ్జిగ గానీ చింతపండు గానీ తగిలితే మంచిది. ఆ దుంపలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, గొంతు దురద వాటివల్లే. బాగా ఉడికించి పులుపు కలిపితే దురద తగ్గుతుంది. కందకూ ఇదే వర్తిస్తుంది.

తెలంగాణ పచ్చి పులుసును పొయ్యి మీద మరిగించనక్కర్లేదు. చింతపండు రసంలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, కాల్చిన పచ్చిమిర్చి, ఉప్పు, కొత్తిమీర పిసికి, వేయించిన నువ్వుల పొడి కలపడమే. ఎండాకాలం రాత్రి ముద్దపప్పు పక్కన దీనికి సాటి లేదు.

ఆవ పెట్టడం

కూరల పద్ధతుల్లో అన్నిటికన్నా సున్నితమైనది ఆవ పెట్టడం. ఆవగింజను తడిపి నూరినప్పుడు అందులోని ఒక ఎంజైము పనిచేసి ఘాటును పుట్టిస్తుంది. నూరకముందు ఆ ఘాటు లేదు, వేడి ఎక్కితే ఆ ఎంజైము చచ్చిపోతుంది, పుట్టిన ఘాటూ ఎగిరిపోతుంది. అందుకే ఆవముద్దను పొయ్యి దించాక, కూర గోరువెచ్చనయ్యాక కలుపుతారు. వేడి మీద కలిపితే ఘాటు పోయి చేదే మిగులుతుంది. అదే ఆవాలు పోపులో చిటపటలాడినప్పుడు ఘాటు ఉండదు, కమ్మదనం ఉంటుంది. ఒకే గింజ రెండు చోట్ల రెండు రుచులు ఇస్తోంది. పనసపొట్టు కూర, కంద బచ్చలి కూర, అరటికాయ కూర ఆవ పెట్టినప్పుడే వాటి అసలు స్థాయికి చేరతాయి. గోదావరి జిల్లాల పెళ్లి భోజనంలో పనసపొట్టు కూర, కంద బచ్చలి లేకపోతే పెద్దలు వెలితిగా భావిస్తారు.

పులుపు నిమ్మకాయదైతే అదీ దించాకే. నిమ్మరసం మరిగితే చేదెక్కుతుంది, అందులోని సి విటమిను కూడా కొంత పోతుంది.

సీమ సీమకూ

ఉత్తరాంధ్రలో కూరల్లో బెల్లం చెయ్యి కాస్త ఉదారంగా ఉంటుంది. గుంటూరు, పల్నాడు వైపు కారం ముందుంటుంది. రాయలసీమలో రాగి సంగటికి తగ్గట్టు ఆకులు, పప్పు, చింతపండు, పచ్చిమిర్చి కలిపి ఉడికించి ఎనిపిన పుల్లగూర, వేరుశెనగ పచ్చడి ప్రధానం. వర్షం తక్కువైన చోట కాయలకన్నా ఆకులు, గింజలు కూరలో చేరడం సహజం. తెలంగాణలో జొన్నరొట్టె కూడా కూర రూపాన్ని నిర్ణయించింది. రొట్టెతో అందుకోవాలంటే కూర కాస్త ముద్దగా ఉండాలి. ఆలుగడ్డ టమాట, గోకరకాయ (గోరుచిక్కుడు), గంగవాయిలి పప్పు అలా కుదిరినవే. తమిళనాడు, కర్ణాటకల్లో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల కూరల్లో సాంబారు పొడి చేరింది, పచ్చళ్ల కారం మాత్రం చాలా ఇళ్లలో తగ్గలేదు.

ఆషాఢంలో విజయవాడ ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మకు శాకంబరి ఉత్సవాలు జరుగుతాయి. అమ్మవారిని, ఆలయాన్ని కూరగాయలతో అలంకరించి, ఆ కూరగాయలతోనే కదంబం వండి ప్రసాదంగా పంచుతారు. వరంగల్లు భద్రకాళి గుడిలోనూ ఈ అలంకారం ఉంది. ఆషాఢంలో మునగాకు తినాలన్న ఇంటి ఆచారం కూడా ఈ కాలానిదే.

ఒంటికి

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ చేతుల మీదుగా మొదలై, 1958లో ఇక్కడికి తరలివచ్చింది. ఆ సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రెండు వేల కేలరీలు తినే మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పళ్లు కావాలి. నలుగురున్న ఇంటికి రోజుకు కిలోన్నర పైచిలుకు కూరగాయలన్న మాట. అన్నం కొండలా, కూర నంజుకోవడానికి అన్నట్టు వడ్డించుకునే మన అలవాటు ఈ లెక్కకు చాలా దూరంలో ఉంది. కూర ఎక్కువ, అన్నం తక్కువ పెట్టుకోవడం మొదట వింతగా ఉన్నా, ఉప్పూ కారం తగ్గించి వండితే అనాయాసంగా అలవాటవుతుంది.

పాత పద్ధతుల్లో మేలైనవి చాలా ఉన్నాయి. బియ్యంలో కొరవైన లైసిన్ పప్పులో ఉంది, పప్పులో కొరవైన మెథియోనిన్ బియ్యంలో ఉంది, పప్పన్నం రెండిటినీ సరిచేస్తుంది. ఆకుకూరల్లోని కెరొటిన్ ఒంటికి పట్టాలంటే కొద్దిగా కొవ్వు కావాలి, పోపు నూనె, నేతి చుక్క ఆ పని చేస్తాయి. ఆకుల్లోని ఇనుము ఒంటబట్టడానికి నిమ్మరసం సాయపడుతుంది. మార్చుకోవాల్సిన పద్ధతి ఒకటి ఉంది. ముక్కలు ఉడికించిన నీళ్లు పారబొయ్యడం. ఆ నీళ్లు చారులో పోసుకోవచ్చు.

ఇప్పటి వంటిల్లు

కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చింది. 1959 ప్రాంతంలో మన దేశంలో తయారీ మొదలైన ప్రెషర్ కుక్కరు తర్వాతి దశాబ్దాల్లో ఇంటింటికీ చేరి, పప్పు వంటను గంట నుంచి పావుగంటకు తెచ్చింది. రోలు స్థానంలో మిక్సీ. కూరగాయల విషయంలో 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతు బజార్లు పెద్ద మార్పు. రైతు తెచ్చిన కాయ దళారి లేకుండా వంటింటికి చేరే దారి ఏర్పడింది. మదనపల్లె టమాటా మార్కెట్టు ధర పెరిగినప్పుడల్లా రెండు రాష్ట్రాల వంటిళ్లలో మళ్లీ చింతపండు వాడకం పెరుగుతుంది.

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నంలో సందు సందునా వెలిసిన కర్రీ పాయింట్లు ఇంటి కూర స్థానాన్ని కొంత ఆక్రమించాయి. ఇంట్లో అన్నం మాత్రం వండుకుని, పప్పు, వేపుడు, పులుసు పొట్లాల్లో తెచ్చుకునే కుటుంబాలు ఎన్నో. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లకు, ఒంటరి పెద్దలకు, చదువుకునే పిల్లలకు అవి నిజంగా ఆదుకుంటున్నాయి. కానీ వేడి కూర పల్చటి ప్లాస్టిక్ సంచిలో పోసి కట్టడం మంచిది కాదు. మనం స్టీలు గిన్నె పట్టుకెళితే సరిపోతుంది. వారానికి నాలుగు రాత్రులైనా ఇంట్లో ఒక కూర వండుకోవడం అసాధ్యం కాదు. కాయ కోయడం పది నిమిషాలు, మగ్గడం పావుగంట. ఆ పని ఒక్క ఆడమనిషి మీదే పడకుండా, ముక్కలు తరిగేవాళ్లు ఒకరు, పోపు వేసేవాళ్లు ఒకరు అయితే ఇంకా తేలిక.

కొత్తగా నేర్చుకునేవాళ్లు బీరకాయతో మొదలుపెట్టండి, అది చెడదు. ఆ తర్వాత పెసరపప్పు వేసిన పొట్లకాయ, దొండకాయ వేపుడు, తోటకూర పప్పు. చెయ్యి కుదిరాక దప్పళం. ఆవ పెట్టిన అరటికాయ, గుత్తివంకాయ చివరికి అట్టిపెట్టుకోండి.